ఆటగాడి పేరు, ఆటగాడి ముఖం: సొమ్ము ఎవరికి చెందాలి?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

అమెరికా విశ్వవిద్యాలయాలు 2025 జులై 1 నుంచి తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించవచ్చునన్న వార్తను ఈ పత్రికలో చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. అక్కడ స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు, పిల్లలను అక్కడికి పంపబోతున్నవారు, ఇక్కడి కళాశాలల్లో ఆడుతున్న విద్యార్థులు అడిగినవాటిలో ఐదు ప్రశ్నలను ఈ నెలకు ఎంచుకున్నాను.

ప్రశ్న: ఫీజు, హాస్టలు, భోజనం, పుస్తకాలు, శిక్షణ అన్నీ విశ్వవిద్యాలయమే భరిస్తున్నప్పుడు, ఆ పిల్లలకు ప్రకటనల డబ్బు కూడా ఎందుకండీ? మేము ఈ దేశానికి వచ్చి ఒక్కొక్క డాలరు కూడబెట్టి ఎం.ఎస్. పూర్తిచేసినవాళ్లం. విద్యార్థి విద్యార్థిగానే ఉండాలని నా అభిప్రాయం. నేను పొరబడుతున్నానా? – ఒక తండ్రి, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: చదువు పట్ల మీకున్న గౌరవాన్ని నేను అర్థం చేసుకోగలను, కాని మీ నిర్ణయంతో ఏకీభవించలేను. ఇందులో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయి. మైదానంలో ఆడినందుకు విశ్వవిద్యాలయం ఇచ్చేది ఒకటి. ఆ ఆటగాడి పేరునూ ఫొటోనూ సంతకాన్నీ వాడుకుని లాభపడే వ్యాపారి ఇవ్వవలసింది మరొకటి. స్కాలర్‌షిప్పు మొదటిదానికి చెల్లు. రెండోదానితో దానికి సంబంధం లేదు, ఎందుకంటే ఆ పేరు పెట్టింది విశ్వవిద్యాలయం కాదు. అదే ప్రాంగణంలో సంగీతానికి స్కాలర్‌షిప్పు పొందిన అమ్మాయి ఒక పెళ్లిలో వయొలిన్ వాయించి పారితోషికం తీసుకుంటే ఎవరూ ఆక్షేపించరు. కంప్యూటర్ సైన్సు కుర్రవాడు ఒక యాప్ తయారుచేసి అమ్ముకుంటే మెచ్చుకుంటారు. దశాబ్దాలపాటు ఒక్క క్రీడాకారుడికి మాత్రమే ఈ దారి మూసేశారు.

మూసిన కారణం చదువు మీది ప్రేమ మాత్రమే కాదు. 1955లో కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ కళాశాల తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ రే డెనిసన్ అనే యువకుడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయినవారి కుటుంబాలకిచ్చే పరిహారం తనకూ రావాలని ఆయన భార్య కోరితే, 1957లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కాదన్నది. కళాశాల ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదన్నది. అలాంటి దావాలకు భయపడే, ఆటగాళ్లు ఉద్యోగులు కారు, విద్యార్థులేనన్న వాదాన్ని జాతీయ కళాశాలల క్రీడా సంఘం, అంటే ఎన్‌సీఏఏ, ఆ రోజుల్లో గట్టిగా పట్టుకుంది. దాదాపు నాలుగు దశాబ్దాలు ఆ సంఘాన్ని నడిపించిన వాల్టర్ బయర్స్, పదవి వదిలిన తర్వాత 1995లో రాసిన పుస్తకంలో ఈ వ్యవస్థనే తప్పుపట్టారు.

వ్యాపారంలో లేదన్న ఆ మాట ఈనాడు ఎంతవరకు నిలుస్తుందో చూడండి. పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు ప్రసార హక్కులను 2010లో పద్నాలుగేళ్లకు 1080 కోట్ల డాలర్లకు అమ్మారు. 2016లో మరో 880 కోట్ల డాలర్లతో ఆ ఒప్పందాన్ని 2032 వరకు పొడిగించారు. అనేక రాష్ట్రాల్లో ప్రభుత్వ ఖజానా నుంచి అత్యధిక జీతం అందుకునే వ్యక్తి గవర్నరు కాదు, విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ లేదా బాస్కెట్‌బాల్ కోచ్. ఇంత డబ్బు తిరుగుతున్న చోట, జార్జియా విశ్వవిద్యాలయ ఆటగాడు ఏ.జె. గ్రీన్ తాను వేసుకున్న జెర్సీని వెయ్యి డాలర్లకు అమ్ముకున్నాడని 2010లో నాలుగు మ్యాచ్‌లు ఆడనివ్వలేదు. ఆయన నంబరు ముద్రించిన జెర్సీలను మాత్రం విశ్వవిద్యాలయం అమ్ముతూనే ఉంది. సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ డి లా హే అనే ఆటగాడు, తన జీవితం గురించి తాను తీసుకున్న యూట్యూబ్ వీడియోల మీద వచ్చే ఆదాయాన్ని వదులుకోవడానికి ఒప్పుకోనందుకు 2017లో జట్టులో స్థానాన్నీ స్కాలర్‌షిప్పునూ పోగొట్టుకున్నాడు.

ఈ పద్ధతికి పగులు పెట్టిన వ్యక్తి ఎడ్ ఓబానన్. 1995లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అంటే యూసీఎల్ఏ, బాస్కెట్‌బాల్ జట్టును జాతీయ విజేతగా నిలిపిన ఆటగాడాయన. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక మిత్రుడి ఇంట్లో పిల్లవాడు వీడియో గేమ్ ఆడుతుంటే తెర మీద తనను తాను చూసుకున్నారు: నున్నటి గుండు, ఎడమచేతి వాటం, అదే పొడవు, వీపు మీద 31 నంబరు. పేరొక్కటే లేదు. ఆ ఆటను డబ్బిచ్చి కొనుక్కున్నాడు పిల్లవాడు; అందులోని మనిషికి మాత్రం ఒక్క సెంటు రాలేదు. 2009లో ఆయన వేసిన దావాలో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ 2014లో ఎన్‌సీఏఏ నియమాలు పోటీ చట్టానికి విరుద్ధమని తేల్చారు. 2019లో కాలిఫోర్నియా శాసనసభ, క్రీడాకారులు తమ పేరు మీద సంపాదించుకోవడాన్ని కళాశాలలు అడ్డుకోకూడదని చట్టం చేసింది. 2021 జూన్ 21న, మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు షాన్ ఆల్‌స్టన్ పేరుతో నడిచిన కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మందీ ఏకగ్రీవంగా, చదువుకు సంబంధించిన ప్రయోజనాల మీద ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితులు చెల్లవన్నారు. పనిచేసేవారికి న్యాయమైన ప్రతిఫలం ఇవ్వకపోవడమే మా సరుకు ప్రత్యేకత అని అమెరికాలో మరే వ్యాపారమూ చెప్పుకోలేదని న్యాయమూర్తి కావనా విడిగా రాసిన అభిప్రాయంలో నిలదీశారు. పది రోజులు తిరగకుండానే, జులై 1న, క్రీడాకారులు తమ పేరు మీద సంపాదించుకోవడానికి ఎన్‌సీఏఏ దారి తెరిచింది.

కనుక అయ్యా, విద్యార్థి విద్యార్థిగానే ఉండాలన్న నియమాన్ని ముందు ఆచరించవలసింది అతని బొమ్మతో వ్యాపారం చేసిన పెద్దలు. వారు ఆచరించనప్పుడు ఆ భారాన్ని పంతొమ్మిదేళ్ల పిల్లల మీద మాత్రమే మోపడం అన్యాయం.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్లు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాను. పేరుకు ప్రతిఫలం అంటూ మొదలుపెట్టి ఇప్పుడు ఏకంగా జీతాలదాకా వచ్చారు. డబ్బంతా ఒకటి రెండు ఆటలకే పోయి, మిగిలిన ఆటలూ ఆడపిల్లలూ నష్టపోరా? – విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ భయం అక్షరాలా నిజమవుతున్నది, మాస్టారూ. దీనికి తేలికైన సమాధానం నా దగ్గర లేదు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

2021 తర్వాత జరిగింది ఇది. పేరును వాడుకోవడమంటే ఒక బూట్ల కంపెనీయో, ఊళ్లోని కార్ల షోరూమో ప్రకటన చేయించుకుని డబ్బివ్వడమని అందరూ అనుకున్నారు. కొద్ది నెలల్లోనే ధనికులైన పూర్వవిద్యార్థులు, అభిమానులు కలిసి 'కలెక్టివ్' అనే నిధులను ఏర్పాటుచేశారు. ఈ నిధుల నుంచి లక్షల డాలర్లు అందుకున్న కొందరు ఆటగాళ్లు చెప్పుకోదగిన ప్రకటన ఏదీ చేయలేదు. ఒక విశ్వవిద్యాలయాన్ని వదిలి మరొకదానికి రమ్మనడానికి ఇచ్చిన డబ్బది. నియమాలు పేరుకు మాత్రమే ప్రతిఫలాన్ని అనుమతించాయి కనుక, ఆటకిచ్చే కూలికి పేరుకిచ్చే ప్రతిఫలం అన్న ముసుగు వేశారు. నాకు అభ్యంతరం ఇక్కడే. కూలి ఇవ్వడం తప్పని కాదు, దాన్ని కూలి అని ఒప్పుకోకపోవడం తప్పని. ఒప్పుకుంటే లిఖితపూర్వకమైన ఒప్పందం ఉండాలి, గాయపడితే పరిహారం ఉండాలి, సంఘం పెట్టుకునే హక్కుండాలి. 2024 మార్చిలో డార్ట్‌మత్ కళాశాల బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు 13–2 ఓట్లతో కార్మిక సంఘంలో చేరాలని నిర్ణయించుకున్నారు. ఆ కళాశాల ఆటకు స్కాలర్‌షిప్పు కూడా ఇవ్వదు. ఏడాది ముగిసేలోగా, కార్మిక మండలి తమకు వ్యతిరేకంగా తీర్పునిస్తుందేమోనన్న పరిస్థితిలో, వారి పిటిషన్ వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

2025 జూన్ 6న అదే న్యాయమూర్తి విల్కెన్ ఆమోదించిన రాజీతో ముసుగు సగం తొలగింది; ఈతగాడు గ్రాంట్ హౌస్ తదితరులు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో కుదిరిన రాజీ ఇది. 2016 నుంచి ఆడినవారికి బకాయిల కింద దాదాపు 280 కోట్ల డాలర్లు పదేళ్లలో చెల్లించాలి. రాజీలో చేరిన ప్రతి విశ్వవిద్యాలయం 2025–26లో సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు తన క్రీడాకారులకు నేరుగా పంచవచ్చు. పంచడం తప్పనిసరి కాదు, అది గరిష్ఠ పరిమితి మాత్రమే. అలా ఇచ్చే డబ్బును ఇప్పటికీ పేరు వాడుకున్నందుకేనని రాసుకుంటున్నారు.

ఇక పంపకం సంగతి. పెద్ద విశ్వవిద్యాలయాలు చాలావరకు ఈ మొత్తంలో నాలుగింట మూడు వంతులు ఫుట్‌బాల్‌కు, దాదాపు పదిహేను శాతం పురుషుల బాస్కెట్‌బాల్‌కు కేటాయించే సూత్రాన్ని అనుసరిస్తున్నాయి. మహిళల బాస్కెట్‌బాల్‌కు ఐదు శాతం, మిగిలిన ఆటలన్నిటికీ కలిపి మరో ఐదు. చదువులో లింగవివక్షను నిషేధించే 1972 నాటి చట్టం, టైటిల్ నైన్, ఈ చెల్లింపులకు వర్తిస్తుందా లేదా అన్న ప్రశ్నను రాజీ తేల్చలేదు. ఆమోదం వచ్చిన వారంలోపే ఎనిమిది మంది క్రీడాకారిణులు బకాయిల పంపకాన్ని సవాలుచేస్తూ అప్పీలుకు వెళ్లారు. వారి పక్షాన న్యాయముందని నా నమ్మకం. చిన్న ఆటల పరిస్థితి మరీ దిగులు కలిగిస్తున్నది: 2025 మార్చిలో కాలిఫోర్నియాలోని కాల్ పాలీ విశ్వవిద్యాలయం తన ఈత, డైవింగ్ జట్లను రద్దుచేస్తూ, ఈ రాజీ వల్ల మీదపడబోయే ఖర్చును కూడా ఒక కారణంగా చూపింది. ఒలింపిక్స్‌లో అమెరికా గెలిచే పతకాల్లో అధికభాగం ఇలాంటి కళాశాల జట్లలో తయారైనవారివే. ఒక వ్యాయామోపాధ్యాయుడికి ఆ కొలను మూతపడటమంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

కాని ఇందులో తేడా ఒకటి గమనించండి. విశ్వవిద్యాలయం పంచే డబ్బులో ఆడపిల్లలు వెనకబడ్డారు. నిజమైన పేరు మార్కెట్టులో మాత్రం వారు వెనకబడలేదు. అయోవా విశ్వవిద్యాలయంలో ఆడుతున్నప్పుడే కెయిట్లిన్ క్లార్క్‌తో నైకీ, గేటరేడ్, స్టేట్ ఫార్మ్ ఒప్పందాలు చేసుకున్నాయి. 2024లో ఆమె ఆడిన మహిళల కళాశాల బాస్కెట్‌బాల్ ఫైనల్‌ను సుమారు 1.9 కోట్ల మంది చూశారు. ఆ ఏడాది పురుషుల ఫైనల్ ప్రేక్షకులకంటే అది ఎక్కువ. లూయిజియానా స్టేట్ విశ్వవిద్యాలయ జిమ్నాస్ట్ లివీ డన్ ఆర్జన అనేకమంది ఫుట్‌బాల్ ఆటగాళ్లను మించింది. పాత నియమాలే కొనసాగి ఉంటే, జిమ్నాస్టిక్స్‌లో అమ్మాయిల సంపాదన కాలమంతా కళాశాలలోనే గడిచిపోయి, బయటికి వచ్చేసరికి అడిగేవారే ఉండేవారు కాదు. ఆడపిల్లలకు మేలు జరగాలంటే పేరు మీద హక్కును వెనక్కి తీసుకోవడం దారి కాదు. విశ్వవిద్యాలయం తన జేబులోంచి పంచేదానికి టైటిల్ నైన్ వర్తింపజేయడం దారి.

ప్రశ్న: మా అబ్బాయి అథ్లెటిక్స్‌లో స్కాలర్‌షిప్పు మీద అమెరికా వెళ్తున్నాడు. అక్కడున్న మా చెల్లెలి కూతురు కూడా కళాశాలలో ఈత పోటీల్లో పాల్గొంటుంది. వాళ్లది హెచ్-1బి కుటుంబం. ఈ ప్రకటనల డబ్బు వీరిద్దరూ తీసుకోవచ్చా? – ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ఇద్దరూ చాలా జాగ్రత్తగా ఉండాలి. క్రీడా సంఘం నియమాలు అనుమతించినంత మాత్రాన వలస చట్టం అనుమతించినట్లు కాదు. తల్లిదండ్రులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

మీ అబ్బాయి విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద వెళ్తాడు. ఆ వీసా మీద చదువు సాగే రోజుల్లో ప్రాంగణంలో వారానికి ఇరవై గంటల వరకు పనిచేయవచ్చు. బయట పనికి ముందస్తు అనుమతి తప్పనిసరి. దుకాణం ముందు నిలబడి సంతకాలు చేయడం, ప్రకటనకు నటించడం, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక వస్తువును పొగుడుతూ వీడియో పెట్టడం – ఇవన్నీ పని కిందికి వచ్చే ప్రమాదం ఉంది. నగదు కాకుండా బూట్లో, ఉచిత భోజనమో ఇచ్చినా అది ప్రతిఫలమే. అనుమతి లేకుండా పనిచేశాడని తేలితే వీసా హోదా పోతుంది, దానితోపాటు చదువూ పోతుంది. పర్డూ విశ్వవిద్యాలయంలో వరుసగా రెండేళ్లు దేశంలోనే ఉత్తమ కళాశాల బాస్కెట్‌బాల్ ఆటగాడిగా నిలిచిన కెనడా యువకుడు జాక్ ఈడీ సైతం, తన అమెరికన్ సహచరులకు సులువుగా దొరికిన అవకాశాల్లో చాలావాటికి దూరంగా ఉండవలసి వచ్చింది. కాంగో నుంచి వచ్చి కెంటకీ విశ్వవిద్యాలయానికి ఆడిన ఆస్కార్ షీబ్వే, 2022 ఆగస్టులో జట్టు బహామాస్ పర్యటనకు వెళ్లినప్పుడు తన ప్రకటనల పని అక్కడ చేసుకున్నాడు. మీ అబ్బాయి సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఇక్కడి సంస్థకు ఇక్కడే పనిచేయడం అలాంటిదే, కాని అదైనా వలస న్యాయవాదిని అడిగాకే చేయాలి. విశ్వవిద్యాలయం నేరుగా పంచే వాటా విషయంలోనూ విదేశీ విద్యార్థులకు ఇవ్వడానికి చాలా సంస్థలు వెనకాడుతున్నాయి.

మీ చెల్లెలి కూతురి పరిస్థితి ఇంకా ఇరుకైనది. హెచ్-1బి ఉద్యోగుల కుటుంబసభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు చదువుకునే అనుమతి ఉంది, పనిచేసే అనుమతి లేదు. ఇరవై ఒకటో ఏడు నిండగానే ఆ హోదా కూడా పోతుంది. అప్పుడు ఎఫ్-1కి మారాలి. రెండేళ్ల వయసులో ఆ దేశం వెళ్లి, అక్కడి బడిలోనే ఈత నేర్చుకుని, అక్కడి జట్టుకే పతకాలు తెచ్చిన పిల్ల, గ్రీన్‌కార్డు వరుస కదలనందుకు తన సహచరులు చేసే పని చేయలేకపోవడం నన్ను బాధిస్తున్నది. హక్కుల గురించి ఇంత చర్చ జరిగిన దేశంలో ఈ పిల్లల మాట ఎక్కడా పెద్దగా వినపడలేదు. అయినా, బాధ ఎంతున్నా, అనుమతి లేకుండా ఒక్క డాలరు కూడా ముట్టుకోవద్దని ఆమెకు గట్టిగా చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, కళాశాలలో టెన్నిస్ ఆడుతుంది. మా ఊరి ఇండియన్ గ్రోసరీ యజమాని తన దుకాణం పోస్టరు మీద ఆమె బొమ్మ వేసుకుంటానని, ఎనిమిది వందల డాలర్లు ఇస్తానని అంటున్నారు. తెలిసినవారే కాబట్టి కాగితాలు అవసరమా? – ఒక తల్లి, కేరీ, నార్త్ కరొలైనా

జవాబు: తెలిసినవారు కాబట్టే కాగితం రాసుకోండి, అమ్మా, రేపు మాట తేడా వస్తే పోయేది స్నేహం కూడా. బొమ్మ ఎక్కడ వాడతారు, ఎన్ని నెలలు వాడతారు, గడువు తీరాక పోస్టర్లు తీసేస్తారా, వేరే కంపెనీకి ఇవ్వవచ్చా, కంప్యూటర్‌తో కొత్త బొమ్మలు తయారుచేయవచ్చా అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. 'శాశ్వతంగా' అన్న మాట కనిపిస్తే కొట్టేయించండి. వేరే దుకాణానికి ప్రకటన చేయకూడదన్న షరతు ఉంటే గడువు అడగండి. ఆరు వందల డాలర్లు, అంతకు మించిన బయటి ఒప్పందాలను ఎన్‌సీఏఏ అగ్రశ్రేణి అయిన డివిజన్ వన్ క్రీడాకారులు, ఇలాంటి ఒప్పందాలను పరిశీలించే ఎన్ఐఎల్ గో అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు చేయాలి కనుక, సంతకానికి ముందే కళాశాలలో నియమాల విభాగానికి చూపించండి. ఈ ఆదాయం మీద పన్ను ఎవరూ ముందుగా కోయరు; ఆమే లెక్క చూపి కట్టాలి. అందులో కొంత మొదటిరోజే పక్కన పెట్టించండి.

చిన్న ఒప్పందానికి ఇంత హడావిడి ఎందుకనిపిస్తే ఫ్లోరిడా విశ్వవిద్యాలయ ఆటగాడు జెర్వన్ డెక్స్టర్ ఒప్పందం సంగతి వినండి. 2022లో ఒక సంస్థ అతనికి 4,36,485 డాలర్లు ఇచ్చింది. బదులుగా వృత్తి ఫుట్‌బాల్‌లో అతను సంపాదించేదాంట్లో, పన్నులకు ముందే, 15 శాతాన్ని 25 ఏళ్లపాటు రాయించుకుంది. మరుసటి ఏడాది అతను షికాగో జట్టుకు ఎంపికయ్యాక కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. పేరు వాడుకోవడానికి డబ్బివ్వడం వేరు, మనిషి భవిష్యత్తు మీద వాటా కొనడం వేరు.

టెన్నిస్ కాబట్టి మరొక మాట. ప్రకటనల డబ్బుకు అనుమతి వచ్చిన తర్వాత కూడా, టోర్నమెంట్లలో గెలిచిన ప్రైజ్‌మనీ మీద ఎన్‌సీఏఏ పరిమితులు కొనసాగాయి. 2021 యూఎస్ ఓపెన్‌లో సంపాదించినదాంట్లో అధికభాగం వదులుకోవలసి వచ్చిన రీస్ బ్రాంట్‌మైయర్, మీ రాష్ట్ర విశ్వవిద్యాలయ క్రీడాకారిణే, 2024లో ఈ నియమం మీద దావా వేశారు. దుకాణం పోస్టరుకు డబ్బు తీసుకోవచ్చుగాని రాకెట్ పట్టి గెలిచిన డబ్బు తీసుకోకూడదనడంలో నాకు ఏ తర్కమూ కనిపించదు. నెల్లూరు నుంచి వలస వెళ్లిన కుటుంబంలో పుట్టిన నిశేష్ బసవారెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడి 2024 డిసెంబరులో వృత్తి ఆటగాడిగా మారారు. నెల తిరగగానే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జకోవిచ్‌పై మొదటి సెట్టు గెలిచారు. అందరికీ అది సరిపడే దారి కాదు. మీ అమ్మాయి డబ్బున్న టోర్నమెంటులో పేరు ఇచ్చే ప్రతిసారీ, ఆ సంవత్సరపు నియమం ఏమిటో కళాశాలను ముందుగా రాతపూర్వకంగా అడగమనండి.

ప్రశ్న: నేను యూనివర్సిటీ కబడ్డీ జట్టులో ఆడతాను. మా కాలేజీవాళ్లు అడ్మిషన్ల హోర్డింగు మీద నా ఫొటో పెద్దగా వేశారు, నన్ను అడగలేదు. మన దగ్గర నాకేమైనా హక్కుందా? – ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఉందమ్మా, అయితే అమెరికాలో ఉన్నంత స్పష్టంగా లేదు. ఈ హక్కు కోసం విడిగా చేసిన చట్టం మన దేశంలో లేదు. కోర్టుల తీర్పులే ఆధారం. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు పతకం గెలవగానే అభినందనల పేరిట ఆమె బొమ్మను తమ ప్రకటనల్లో వాడుకున్న అనేక కంపెనీలకు ఆమె వ్యవహారాలు చూసే సంస్థ లీగల్ నోటీసులు పంపింది. అభినందన కూడా వ్యాపారమైనప్పుడు అనుమతి కావాలన్నది అక్కడి వాదన. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కోచింగ్ కేంద్రాలు ర్యాంకు వచ్చినవారి పేరు, ఫొటో వాడుకోవాలంటే ఫలితం వచ్చిన తర్వాత వారి రాతపూర్వకమైన అంగీకారం తీసుకోవాలి. చేరినరోజు ఫారం మీద పెట్టించుకున్న సంతకం చాలదు. ర్యాంకర్ల ముఖాలతో నిండిన మన హోర్డింగులను చూసినవారికి ఇది ఎంత అవసరమో తెలుసు. ఆ మార్గదర్శకాల్లో కోచింగ్ అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలోకి క్రీడలు రావు. మీవంటి క్రీడాకారిణులకు కూడా అదే రక్షణ విస్తరించాలని నేను కోరుతున్నాను. ప్రస్తుతానికి మీరు ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం రాసి, ఫొటో వాడడానికి మీ అంగీకారం లేదని, లేదా ఫలానా ప్రతిఫలానికి ఫలానా గడువు వరకు మాత్రమే ఉందని తెలియజేయండి. ఉత్తరం నకలు మీద అందినట్లు ముద్ర వేయించుకోండి, హోర్డింగు ఫొటోను తేదీ కనిపించేలా తీసి దాచుకోండి.